అత్త మీద కోపం, దుత్త మీద లాఠీ

ధర్మరాజు రథం నేలను తాకేది కాదట. నాలుగంగుళాల ఎత్తున, గాలిలో తేలినట్టు నడిచేదట. ద్రోణుడి చేత ఆయుధం కింద పెట్టించడం కోసం ఆయన ఒక మాటలో సగం పైకీ, మిగతా సగం గొంతులోనూ అన్నాడు చూడండి, ఆ మరుక్షణం రథచక్రాలు నేలకు దిగిపోయాయట. అబద్ధమాడితే కళ్ళు పోతాయని మన పెద్దవాళ్ళు భయపెట్టేవారు. సగం నిజానికి కూడా శిక్ష ఉంటుందని చెప్పింది మాత్రం వ్యాసులవారే.

ఆ సగం నిజాన్నే పేరుగా పెట్టుకుని 1983లో ఒక హిందీ సినిమా వచ్చింది. 'అర్ధ సత్య'. దర్శకుడు గోవింద్ నిహలానీ. కథానాయకుడు బొంబాయిలో ఒక మామూలు సబ్ ఇన్‌స్పెక్టరు, పేరు అనంత్ వేలంకర్. ఆ వేషం ఓం పురి వేశాడు. దిలీప్ చిత్రే రాసిన కవిత ఒకటి ఇందులో వస్తుంది, చక్రవ్యూహంలో చిక్కుకున్న మనిషి గురించి. అభిమన్యుడు వ్యూహంలో పడిపోయిందీ, ధర్మరాజు సగం నిజం ఆడిందీ రెండూ ద్రోణపర్వంలోనివే, రెండు రోజుల తేడాతో జరిగినవే. ఆ పర్వం నుంచే సినిమా తన పేరునీ, తన కవితనీ తెచ్చుకుందనిపిస్తుంది నాకు.

పోలీసు సినిమా అనగానే మనలో చాలామంది, "మీరు చూడండి, నాకు వంటింట్లో పనుంది" అని లేచిపోతాం. కొట్లాటలూ, జీపులూ, తుపాకులూ మగవాళ్ళ సరదాలని మన అభిప్రాయం. నిజాయితీగల పోలీసు, లంచగొండి నాయకుడు అన్న కథ ఇప్పటికి ఎన్నిసార్లు చూశామో లెక్కే లేదు కదా! కాని ఈ ఒక్క సినిమా దగ్గర మాత్రం లేవకండి. దీన్ని అందరూ రాజకీయాల అవినీతి మీద సినిమా అంటారు. నన్నడిగితే ఇది మన ఇళ్ళ గురించి తీసిన సినిమా. పోలీసు స్టేషను నుంచి వంటింటికి ఎంత దగ్గరి దారి ఉందో ఇంత స్పష్టంగా చూపించిన హిందీ చిత్రం నేను మరొకటి చూడలేదు.

కొంచెం వెనక్కి వెళ్దాం. హిందీ తెర మీద కోపిష్టి పోలీసును నిలబెట్టింది 1973 నాటి 'జంజీర్'. ప్రకాశ్ మెహ్రా తీశాడు, సలీం-జావేద్ రాశారు, అమితాబ్ బచ్చన్ దశ తిరిగిపోయింది. మరుసటి ఏడాదే అది మన దగ్గర ఎన్.టి. రామారావు గారితో 'నిప్పులాంటి మనిషి' అయింది. అందులో విలన్ దొంగ వ్యాపారి. అతని మీద హీరోకి ఉన్నది సొంత పగ, ఎంచేతంటే చిన్నతనంలో కన్నవాళ్ళని పోగొట్టుకున్నాడు. హీరోయిన్ అతని చేత గొడవలు మానేస్తానని మాట తీసుకుంటుంది. అతను దిగులుగా కూర్చుంటే చూడలేక తానే ఆ మాట వెనక్కి ఇచ్చేస్తుంది. సినిమాల్లో ఆడదాని పని చాలాకాలం అదే. ముందు అడ్డు చెప్పాలి, తరువాత బొట్టుపెట్టి యుద్ధానికి పంపాలి.

'జంజీర్'కీ 'అర్ధ సత్య'కీ మధ్య పదేళ్ళు. ఆ పదేళ్ళలో దేశం మామూలుగా లేదు. 1975 జూన్‌లో అత్యవసర పరిస్థితి వచ్చింది. 1977 మార్చిలో తొలగింది. ఆ ఇరవయ్యొక్క నెలల్లో పోలీసులు ఎవరు చెబితే ఎవరిని పట్టుకుపోయారో విచారించడానికి షా కమిషన్ కూర్చుంది. అదే సంవత్సరం నవంబరులో ధర్మవీర అధ్యక్షతన జాతీయ పోలీసు కమిషన్ ఏర్పడింది. 1979 నుంచి 1981 దాకా ఎనిమిది నివేదికలు ఇచ్చింది. పోలీసు అధికారికి ఒకచోట కనీసం ఇంతకాలం అని గడువు ఉండాలనీ, నాయకుడికి ఇష్టం లేదని రాత్రికి రాత్రి బదిలీ చెయ్యకూడదనీ చెప్పింది. అవన్నీ బీరువాలో చేరాయి. అంటే 'అర్ధ సత్య' వచ్చేనాటికి జబ్బేమిటో తెలుసు, మందు చీటీ రాసి ఉంది, మందు మాత్రం ఎవరూ తేలేదు.

ఇక ఈ సినిమా తీసిన వాళ్ళ సంగతి. నిహలానీ మొదట కెమెరా మనిషి. శ్యాం బెనెగళ్ తీసిన 'అంకుర్' (1974), 'నిశాంత్' (1975) రెండూ మన తెలంగాణా పల్లెల కథలే. దొరలూ, వాళ్ళ గడీలూ, వాళ్ళ కంటపడ్డ ఆడవాళ్ళూ. వాటికి ఛాయాగ్రహణం నిహలానీయే. 'నిశాంత్' రాసింది మరాఠీ నాటకకర్త విజయ్ తెండూల్కర్. ఈ 'అర్ధ సత్య'కి స్క్రీన్‌ప్లే రాసిందీ ఆయనే. మూలకథ 'సూర్య' అని ఎస్.డి. పన్వల్కర్ మరాఠీలో రాసిన కథానిక.

తెండూల్కర్‌కి పోలీసు పాత్ర కొత్త కాదు. 1972లోనే 'ఘాశీరాం కొత్వాల్' అనే నాటకం రాశాడు. పీష్వాల కాలంనాటి పూనా. నానా ఫడ్నవీస్ మహామంత్రి. అవమానం పాలైన ఒక పేద బ్రాహ్మడు ఊరి మీద పగబట్టి, కొత్వాలు పదవి కోసం తన కూతుర్నే మంత్రికి అప్పజెబుతాడు. పదవి వచ్చింది, ఊరిని గడగడలాడించాడు. చివరకి కూతురూ దక్కలేదు, తనూ దక్కలేదు. మంత్రి మాత్రం చల్లగా ఉన్నాడు. అధికారం ఇచ్చిన చెయ్యి ఎవరిది, దానికి ఖరీదు కట్టింది ఏ ఆడపిల్ల అన్న ప్రశ్న ఆ నాటకంలోనే ఉంది. పదకొండేళ్ళ తరువాత ఆ ప్రశ్ననే ఖాకీ చొక్కా తొడిగి బొంబాయికి తీసుకొచ్చాడు.

కథ క్లుప్తంగా చెబుతాను.

వేలంకర్ తండ్రి పల్లెటూరి పోలీసు. ఆ వేషం అమ్రీష్ పురిది. మాటకు ముందు చెయ్యి లేచే మనిషి. కూర బాగులేకపోయినా, కాఫీ ఆలస్యమైనా పెళ్ళాం చెంప పగలాల్సిందే అనే జాతి. చిన్న అనంత్ మూలన నిలబడి చూస్తూ ఉండేవాడు. అడ్డం వెళ్ళే వయసు కాదు, మరిచిపోయే వయసూ కాదు. పెద్దవాడయ్యాక పైచదువులు చదువుకుంటానన్నాడు. తండ్రి వినలేదు, పోలీసులో చేర్పించాడు. కొట్టే చేతిని అసహ్యించుకుంటూ పెరిగిన కుర్రాడికి ఆ కొట్టే ఉద్యోగమే వారసత్వంగా దొరికింది.

అయినా బుద్ధిమంతుడు. లంచం ముట్టడు. మురికివాడ నుంచి ఒక బక్కమనిషి వచ్చి, తన భార్యను రౌడీలు అల్లరి పెడుతున్నారని మొరపెట్టుకుంటే, వెళ్ళి వాళ్ళని పట్టుకొచ్చి లాకప్‌లో పెట్టి చితకబాదుతాడు. మన ప్రాణం హాయిగా ఉంటుంది, ఏమాటకామాటే చెప్పుకోవాలి. తీరా చూస్తే వాళ్ళు స్థానిక ఎమ్మెల్యే మనుషులు. ఎన్నికల్లో జెండాలు మోసేవాళ్ళు. అతన్ని సస్పెండు చెయ్యమని ఎమ్మెల్యే పట్టుబడతాడు. పైఅధికారి హైదర్ అలీ మంచివాడే, లోకం తెలిసినవాడు. ఢిల్లీలో పలుకుబడి ఉన్న ఒక పెద్దమనిషి ద్వారా గండం గట్టెక్కిస్తాడు. న్యాయం చేసినందుకు సిఫారసు కావలసి వచ్చింది! వేలంకర్‌కి అదే మింగుడు పడదు. మొదటి ముల్లు అక్కడ దిగింది.

రెండో ముల్లు రామా శెట్టి. ఆ పేటకి చీకటి రాజు. సదాశివ్ అమ్రాపుర్కర్ వేశాడు. మరాఠీ నాటకాల నుంచి వచ్చిన నటుడు, హిందీ తెరకి అప్పుడే కొత్త. అరవడు, కత్తి తియ్యడు. కుర్చీలో సావకాశంగా కూర్చుని మాట్లాడతాడు. అందుకే మనకి ఒళ్ళు జలదరిస్తుంది. శెట్టి మనుషుల్లో ఒకడు ఒళ్ళంతా కాలి చావుబతుకుల్లో ఉంటే వేలంకర్ ఆస్పత్రికి చేర్చి, వాంగ్మూలం రాసుకుంటాడు. అందులో శెట్టి పేరుంది. ఇంకేం కావాలి? అరెస్టు చెయ్యడానికి నేరుగా శెట్టి ఇంటికే వెళతాడు. శెట్టి లేవనైనా లేవడు. ఫోను తీసి ఒక్క నంబరు తిప్పుతాడు. అవతల నుంచి పెద్ద అధికారి గొంతు, వెనక్కి వచ్చెయ్యమని. అంతే. చేతిలో సాక్ష్యం పట్టుకుని, తోకముడిచి ఇంటిదారి పట్టాల్సి వస్తుంది. కారణం? శెట్టి నగర కార్పొరేషన్ ఎన్నికలకి నిలబడబోతున్నాడు. తరువాత అదే శెట్టి సభకి బందోబస్తు కాయమని వేలంకర్‌నే పంపుతారు. ఎవరిని కటకటాల్లో పెట్టాలనుకున్నాడో అతనికే కాపలా!

ఆ తరువాత కొండల్లోకి వెళ్ళి, ప్రాణాలకు తెగించి ఒక బందిపోటును పట్టుకుంటాడు. పేరు మరో అధికారి ఖాతాలో పడుతుంది. వేలంకర్ తాగడం మొదలుపెడతాడు. తన గతి రేపు ఎలా ఉంటుందో చూపించడానికన్నట్టు లోబో అనే పాత ఇన్‌స్పెక్టరు అప్పుడప్పుడు ఎదురవుతూ ఉంటాడు. ఉద్యోగం పోయి, తాగుడుతో వీధిన పడ్డవాడు. నసీరుద్దీన్ షా కాసేపే కనిపిస్తాడు, సినిమా అయిపోయాక కూడా వదలడు.

ఇప్పుడు అసలు ఘట్టం. ఒక చిల్లర దొంగ దొరుకుతాడు. రేడియో దొంగతనం. బక్కప్రాణి, వెనక ఎమ్మెల్యే లేడు, తిప్పడానికి ఫోను నంబరు లేదు. మత్తులో ఉన్న వేలంకర్ వాణ్ణి కొట్టడం మొదలుపెడతాడు. ఎమ్మెల్యేకి పడవలసిన దెబ్బ, శెట్టికి పడవలసిన దెబ్బ, తనని వెనక్కి పిలిచిన పెద్ద అధికారికి పడవలసిన దెబ్బ, చిన్నప్పుడు తండ్రిని కొట్టలేకపోయిన దెబ్బ, అన్నీ కలిసి ఆ రేడియో దొంగ మీద పడతాయి. వాడు లాకప్‌లోనే చచ్చిపోతాడు.

మన భాషలో దీనికి అయిదు మాటల సామెత ఉంది. అత్త మీద కోపం దుత్త మీద. కోడలి గురించి నవ్వుకోవడానికి పుట్టిన సామెతేమో గాని, దీన్ని మించిన రాజకీయ సూత్రం నాకు తెలియదు. పైవాణ్ణి ఏమీ చెయ్యలేని కోపం ఎప్పుడూ కిందికే జారుతుంది. నీళ్ళలాగా పల్లం వెతుక్కుంటుంది. పల్లంలో ఉండేదెవరు? లాకప్‌లో బక్క దొంగ, ఇంట్లో పెళ్ళాం, మూలన నిలబడి చూసే పిల్లాడు.

మేము ఒక చిన్న ఊళ్ళో అద్దెకున్న రోజుల్లో పక్క వాటాలో ఒక సబ్ ఇన్‌స్పెక్టరు గారు ఉండేవారు. చేతికి మరక లేని మనిషని ఊరంతా చెప్పుకునేవారు. అది నిజమే, వాళ్ళింట్లో సామాను చూస్తేనే తెలిసేది. ఆయన భార్య నన్ను చెల్లీ అనేది. సాయంత్రం మోటారు సైకిలు చప్పుడు వినిపించగానే ఆవిడ చేస్తున్న పని ఆపి చెవి ఒగ్గేది. స్టాండు మెల్లిగా పడితే సరే. ఠప్పున తన్నిన చప్పుడైతే పిల్లలిద్దరినీ పుస్తకాలతో సహా మా వాటాలోకి పంపించేసేది, "పిన్నిని లెక్కలు అడగండి" అని. నేను చదివింది బి.ఏ., నాకు లెక్కలెక్కడివి? ఒకసారి ఉండబట్టలేక అడిగాను. ఆవిడ చీర చెంగు సర్దుకుంటూ, "ఆయన బయట ఎవరికీ లొంగరు చెల్లీ. అదే మా ఇంటికొచ్చిన కష్టం" అంది. వేలంకర్ తల్లిని తెర మీద చూస్తున్నంతసేపూ నాకు ఆవిడ మాటే వినిపించింది. లంచం తీసుకునే వాడి ఇంట్లో పాపం ఉంటే ఉండొచ్చు. తీసుకోని వాడి ఇంట్లో మాత్రం ఆ పట్టుదలకి ఖరీదు ఎవరు చెల్లిస్తున్నారని ఏ పత్రికా రాయదు, ఏ పతకంలోనూ ఆవిడకి వాటా ఉండదు.

ఇందుకే నేను ఈ పేరు గొప్పదంటాను. లంచం ముట్టకపోవడం నిజాయితీలో సగం. చేతికి చిక్కినవాణ్ణి, ఎదురు తిరగలేనివాణ్ణి కొట్టకపోవడం రెండో సగం. వేలంకర్ దగ్గర మొదటి సగం పుష్కలంగా ఉంది. రౌడీలని లాకప్‌లో చితకబాదినప్పుడు మనం సంతోషించాం చూడండి, రేడియో దొంగ చావుకి దారి అక్కడే మొదలైంది. అప్పుడు చట్టం పక్కకు తప్పుకోవడం మనకి నచ్చింది. రెండోసారి నచ్చలేదు. చెయ్యి అదే, లాకప్ అదే.

ఈ సంగతి సినిమాలో ముందుగా కనిపెట్టేది జ్యోత్స్న. స్మితా పాటిల్ వేసింది. కాలేజీలో సాహిత్యం చెప్పే లెక్చరరు. ఇద్దరికీ స్నేహం ఒక వాదనతోనే మొదలవుతుంది. ఆమె అతన్ని ఆరాధించదు, అలాగని చులకనా చెయ్యదు. ఆ చక్రవ్యూహం కవిత ఆమె పుస్తకంలోదే. హోటల్లో కూర్చుని అతను దాన్ని పైకి చదువుతాడు. ఏదో సరదాగా మొదలుపెట్టినవాడు, చదువుతూ చదువుతూ తన కథే చదువుతున్నానని తెలుసుకుని ముఖం మారిపోతుంది. మన నవలల్లో హీరో హీరోయిన్‌కి ప్రేమలేఖ ఇస్తే, ఇక్కడ హీరోయిన్ హీరో చేతికి అద్దం ఇచ్చింది.

అతను తాగుడుకీ చెయ్యి చేసుకోవడానికీ అలవాటు పడుతుంటే జ్యోత్స్న పెళ్ళికి వెనకాడుతుంది. ఇలాంటి చోట మన నవలల నాయికలు ఏం చేస్తారో నాకు బాగా తెలుసు, నేనూ నవలలు రాసేదాన్నే కదా. త్యాగం చేసి, పెళ్ళాడి, ప్రేమతో అతన్ని మార్చేస్తారు. జ్యోత్స్న ఆ పని నెత్తిన వేసుకోదు. వేలంకర్ తల్లి జీవితం అంతా గడిచాక తెలుసుకున్నదాన్ని ఈ అమ్మాయి పెళ్ళికి ముందే చూసింది. ప్రేమ ఉంది, భయమూ ఉంది. భయాన్ని ప్రేమ కింద దాచెయ్యకపోవడం ఆమె గొప్పతనం. స్మిత అందుకు పెద్ద డైలాగులు చెప్పదు. కళ్ళు కాస్త పక్కకు తిప్పుకుంటుంది, చాలు. ఈవిడ మనకి పరాయిదేం కాదు. 1978లో బెనెగళ్ తెలుగులో తీసిన 'అనుగ్రహం'లో వాణిశ్రీతో పాటు నటించింది. 1986 డిసెంబరు 13న, ముప్పయ్యొక్క ఏళ్ళకే వెళ్ళిపోయింది.

ఇది సినిమావాళ్ళ ఊహ అనుకుంటే పొరపాటు. 1972లో మహారాష్ట్రలోని దేశాయ్‌గంజ్ పోలీసు స్టేషనులో ఒక ఆదివాసీ బాలిక మీద ఇద్దరు పోలీసులు అత్యాచారం చేశారన్న కేసు నడిచింది. చివరికి సుప్రీంకోర్టు వాళ్ళను వదిలేసింది. ఆ పిల్ల కేకలు వెయ్యలేదు, ఒంటి మీద గాయాలు లేవు కనుక ఇష్టపడ్డట్టే అని తీర్పు. రాత్రివేళ, స్టేషను లోపల, పోలీసుల ఎదుట ఒక పేదపిల్ల ఎవరిని కేక వెయ్యాలి? నలుగురు న్యాయశాస్త్ర అధ్యాపకులు, ఉపేంద్ర బక్షీ, లోతికా సర్కార్, వసుధా ధగంవార్, రఘునాథ్ కేల్కర్, ప్రధాన న్యాయమూర్తికి బహిరంగ లేఖ రాశారు. ఊరూరా స్త్రీలు వీధుల్లోకి వచ్చారు. అంతకు ముందే, 1978లో, మన హైదరాబాదు నల్లకుంట స్టేషనులో ఒక ముస్లిం యువతి మీద అత్యాచారమూ, ఆమె భర్త అయిన రిక్షా కార్మికుడి చావూ ఊరిని అట్టుడికించాయి. జస్టిస్ ముక్తదర్ కమిషన్ విచారించింది. కోర్టులో మాత్రం నిందితులు బయటపడ్డారు.

ఆ ఉద్యమాల ఫలితం చట్టంలోకి ఎక్కింది 1983లో. సినిమా వచ్చిన ఏడాదే, ఆ సంవత్సరం చివర్లోనే, రెండు సవరణలు జరిగాయి. ఒకటి పోలీసు లాకప్‌లోకి వెళ్ళింది. కస్టడీలో ఉన్న స్త్రీ నాకు ఇష్టం లేదని చెబితే కోర్టు ఆ మాటే నిజమని ముందుగా అనుకోవాలన్నారు. రెండోది గడప దాటి ఇంట్లోకి వచ్చింది. భార్యను భర్తా, అత్తింటివాళ్ళూ హింసిస్తే నేరమన్నారు. అదే 498ఎ. 2024 జూలై నుంచి కొత్త న్యాయ సంహితలో 85, 86 సెక్షన్లుగా ఉంది. లాకప్ ఒకటి, వంటిల్లు ఒకటి. వేలంకర్ కథలో దెబ్బలు పడ్డ చోట్లు సరిగ్గా ఆ రెండే! ఎవరూ కూడబలుక్కుని చేసింది కాదు. దేశం ఆ రోజుల్లో ఆలోచిస్తున్నది ఆ సంగతే కాబోలు.

ఆ తరువాతిది నత్తనడక. 1986లో బెంగాలు నుంచి డి.కె. బసు అనే న్యాయసహాయ సంఘం అధ్యక్షుడు లాకప్ మరణాల వార్తలు జతచేసి సుప్రీంకోర్టుకి ఒక ఉత్తరం రాశాడు. పదేళ్ళకు, 1996 డిసెంబరులో తీర్పు వచ్చింది. అరెస్టు చేసే పోలీసు పేరుపట్టీ పెట్టుకోవాలి, సాక్షి సంతకంతో కాగితం రాయాలి, ఇంట్లోవాళ్ళకి కబురు చెయ్యాలి, నలభై ఎనిమిది గంటలకోసారి డాక్టరుకి చూపించాలి అని పదకొండు నిబంధనలు పెట్టారు. ఇక ఆ ధర్మవీర కమిషన్ చీటీ సంగతి. ప్రకాశ్ సింగ్ అనే రిటైరైన పోలీసు పెద్ద కోర్టుకెక్కితే, 2006 సెప్టెంబరు 22న సుప్రీంకోర్టు ఆదేశాలిచ్చింది. స్టేషను అధికారిని రెండేళ్ళు కదపకూడదనీ, పోలీసులకీ మంత్రులకీ మధ్య ఒక సంఘం ఉండాలనీ. అక్షరాలా అమలు చేశామని గుండె మీద చెయ్యేసుకుని చెప్పగల రాష్ట్రం ఏదో మీరే చెప్పండి. ఈ ఆదేశం వేలంకర్ రోజుల్లో ఉండి ఉంటే, శెట్టి ఫోనుకి ఆ బలం ఉండేది కాదు. ఫోను పనిచెయ్యకపోతే రేడియో దొంగ బతికేవాడేమో.

ముగింపు మీలో చాలామందికి తెలిసే ఉంటుంది. లాకప్ చావుకి సస్పెండైన వేలంకర్‌ని కాపాడగలిగింది ఇప్పుడు ఒక్కడే, ఎన్నికల్లో నెగ్గుకొస్తున్న రామా శెట్టి. వెళ్ళి కలుస్తాడు. శెట్టి సాయం చేస్తానంటాడు, తన మనిషిగా ఉంటే. వేలంకర్ ఆ చేతులతోనే శెట్టి గొంతు నులిమి చంపేస్తాడు. తిన్నగా స్టేషనుకి వెళ్ళి లొంగిపోతాడు.

పాటల జంట లేని, పెద్ద తారలు లేని ఈ సినిమా జనానికి నచ్చింది. హిందీలో ఉత్తమ చిత్రంగా, ఉత్తమ నటుడిగా జాతీయ బహుమతులు వచ్చాయి. 1984లో కార్లొవీ వారీ చిత్రోత్సవంలో ఓం పురికి ఉత్తమ నటుడి బహుమతి దక్కింది. కాని తరువాత వచ్చిన సినిమాలు అందులో నుంచి ఏం తీసుకున్నాయి? ఎక్కువగా ఆ గొంతు నులిమిన చేతుల్నే తీసుకున్నాయి. లొంగిపోవడాన్ని వదిలేశాయి. మన 'అంకుశం' 1990లో 'ప్రతిబంధ్'గా హిందీకి వెళ్ళి చిరంజీవిని అక్కడ పరిచయం చేసింది. 1999లో రాంగోపాల్ వర్మ నిర్మించిన 'శూల్'లో బీహారు ఇన్‌స్పెక్టరు చట్టసభలోనే నాయకుణ్ణి కాల్చేస్తాడు. అప్పటికే అతని పోరాటానికి చిన్న కూతురూ, భార్యా బలైపోయారు. చప్పట్లు అతనికి, చితులు వాళ్ళకి.

మన ఆడవాళ్ళు ఊరుకున్నారా అంటే, లేదు. టి. కృష్ణ తీసిన 'ప్రతిఘటన' (1985)లో విజయశాంతి కూడా లెక్చరరే, జ్యోత్స్న లాగే. కాని ఆవిడ చేతిలోకి గొడ్డలి వచ్చింది. 1990లో 'కర్తవ్యం'లో ఖాకీ తనే తొడుక్కుని, జాతీయ ఉత్తమ నటి అయింది. వాటికి నేనూ చప్పట్లు కొట్టాను, దాచుకోవడం ఎందుకు? కోపం న్యాయమైనదే. కాని ఇల్లు చేరాక ఆ కోపం ఏమైందో, ఎవరి మీద పడిందో వాటిలో చూపించరు. 'అర్ధ సత్య' ఒక్కటే దాని వెంటపడి తలుపు దాకా వచ్చింది.

నిజాయితీగల అధికారి కావాలని మనం అందరం కోరుకుంటాం. కోరుకోవాలి. దానితో పాటు, ఆయన్ని వెనక్కి పిలిచే ఫోనుని ఎవరు కత్తిరిస్తారనీ, ఆయన సాయంత్రం ఇంటికి మోసుకొచ్చే అవమానాన్ని ఎవరు భరిస్తున్నారనీ కూడా అడగాలి. చుట్టుపక్కల ఆయన్ని మెచ్చుకునే నలుగురిలో ఒకరైనా ఆయన భార్యని "ఎలా ఉన్నావమ్మా?" అని పలకరించాలి. జవాబు కోసం కాస్త ఆగాలి కూడా.

ఈసారి ఎప్పుడైనా ఈ సినిమా మీ ఇంట్లో వస్తే, వంటింట్లో పని కాసేపు పక్కన పెట్టండి. రామా శెట్టిని చూడండి, వేలంకర్‌ని చూడండి. అందరూ చూసేది వాళ్ళనే. మీరు మాత్రం చెంప మీద చెయ్యి పెట్టుకుని లేచి మళ్ళీ పనిలో పడే ఆ తల్లినీ, రేడియో ఎత్తుకొచ్చిన ఆ బక్క దొంగ ముఖాన్నీ మరిచిపోకండి. వాళ్ళిద్దరికీ సినిమాలో డైలాగులు లేనట్టే.